కట్ట మీద యాట పందెం

పాలమూరు మట్టిపని వాళ్ల గురించి ఎవరైనా చులకనగా మాట్లాడితే నేను ఇప్పటికీ ఊరుకోలేను. ఒకసారి బస్సులో పక్క సీటు పెద్దమనిషి అన్నాడు, "నెత్తిన మనిషి నిలబడితేనే వాళ్లు పని చేస్తారండీ, లేకపోతే ఒట్టి మోసం" అని. "వాళ్ల నెత్తిన నిలబడ్డ మనిషిని నేనే. మోసం నేర్పింది కూడా నేనే," అన్నాను. ఆయన నా ముఖం చూసి కిటికీ వైపు తిరిగిపోయాడు. ఆయనకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఒక ఎండాకాలం సంగతి మొత్తం చెప్పాలి. బస్సులో అంత వ్యవధి లేదు. ఇక్కడ చెబుతాను.

నందికొండ దగ్గర ఆనకట్ట ఇంకా లేస్తున్న రోజులవి. నీళ్లు రాకముందే నల్లగొండ జిల్లాలో కాలువల పనులు మొదలయ్యాయి. నాది పాలమూరు జిల్లా, అచ్చంపేట పక్క పల్లె. ఏడో తరగతి దాకా ఉర్దూలో చదివి, తెలుగు రాయడం తరువాత సొంతంగా నేర్చుకున్నాను. ఆ చదువుకు ఒక చిన్న కాంట్రాక్టరు దగ్గర కొలతలు రాసే పని దొరికింది. పనివాళ్లు ఆయన్ను సేటు అనేవాళ్లు. ఆయన చేతిలో ఉన్నది పిల్ల కాలువ పని, ఒక మైలు. అక్కడ నేల పల్లం కాబట్టి కాలువను తవ్వితే కుదరదు. రెండు పక్కలా మట్టి కట్ట పోసి, నేలకంటే ఎత్తున నీళ్లను నడిపించాలి. కట్ట గట్టిగా ఉంటేనే కాలువ.

పనికి మా జిల్లా నుంచే రెండు గుంపులు వచ్చాయి. గుంపు అంటే భార్యాభర్తల జోళ్లు. మగవాడు గుంతలో గడ్డపారతో తవ్వి తట్ట నింపుతాడు, ఆడమనిషి దాన్ని నెత్తిన మోసుకెళ్లి కట్ట మీద పోస్తుంది. వీళ్లందరినీ ఊళ్ల నుంచి పోగుచేసి తెచ్చే మనిషిని గుంపు మేస్త్రీ అంటారు. కాంట్రాక్టరు బయానా, అంటే ముందు డబ్బు, ఇచ్చేది మేస్త్రీకే, పిలుపు వచ్చేది మేస్త్రీ ఇంటికే. రెండో గుంపు మేస్త్రీ పడుచువాడు, మాటకారి. మొదటి గుంపుకు మేస్త్రీ ఒక అవ్వ. భర్త మేస్త్రీగా ఉండి చనిపోతే, "ఆడమనిషి వెంట ఎవరు పోతరు" అని ఊరంతా అనుకుంటుండగానే పన్నెండు జోళ్లను వెంటబెట్టుకుని బయలుదేరిందట. అరవై దాటిన మనిషి. ఎండలో ఆమె వెనక నడవడానికి నాకు ఆయాసం వచ్చేది.

మంచి కట్ట ఎలా పడుతుందో ఆమె దగ్గరే చూశాను. మట్టిని బెత్తెడు మందాన పొరగా పరుస్తారు. పెళ్లలన్నీ పగలగొడతారు. కుండలతో నీళ్లు తెచ్చి చల్లుతారు. పదును చూసుకుని దిమ్మిసతో కొడతారు. కింద ఇనుప దిమ్మ, పైన కర్ర పిడి ఉండే పనిముట్టు అది. పొర రాయిలా గట్టిపడ్డాకే పైన ఇంకో పొర. ఈ పనిలో సగం శ్రమ తవ్వడంలో ఉంటే సగం ఈ దిమ్మిస దగ్గరే ఉంది.

కాని కొలత మాత్రం గుంతకే. ఎంత లోతు తవ్వారో తెలియడానికి గుంత మధ్యలో ఒక దిమ్మెను తవ్వకుండా వదిలేస్తారు. పాత నేల ఎంత ఎత్తున ఉండేదో అది చెబుతుంది కనుక దాన్ని సాక్షి అనేవాళ్లం. నేను వెళ్లి టేపు పెట్టి, పొడవు, వెడల్పు, సాక్షి ఎత్తు రాసుకునేవాణ్ణి. కూలి దాని మీదే. పెళ్లలు పగలగొట్టినందుకు, నీళ్లు మోసినందుకు, దిమ్మిస కొట్టినందుకు విడిగా ఏమీ లేదు. ఆ పనులన్నీ కూలిలో కలిసే ఉన్నాయని కాగితం మీద ఉండేది. వాళ్లు తాతల నాటి అలవాటు ప్రకారం చేసుకుపోతున్నారు కాబట్టి ఆ కాగితంలో ఉన్న లోపం ఎవరికీ కనబడలేదు.

ఫాల్గుణం దాటాక కాంట్రాక్టరుకు తొందర పుట్టింది. ఒకరోజు నన్ను పిలిచి, "వానలు పడకముందు మన మైలు అయిపోవాలె. అయిందా, నీకు కొత్త సైకిల్ కొనిస్త," అన్నాడు. నేను ఉంటున్న ఊరికి పనిచోటు నాలుగు మైళ్లు. పొద్దున నడక, సాయంత్రం నడక. ఆ దారిలో నన్ను దాటుకుంటూ సైకిల్ మీద పోయే వాళ్ల గంట చప్పుడు నాకు ఎంత కష్టంగా ఉండేదో ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది. ఆ రాత్రంతా ఆలోచించి ఒక ఉపాయం కనిపెట్టాను. అది నా సొంత ఉపాయం. ఎవరి మీదకూ నెట్టను.

మర్నాడు రెండు గుంపులనూ కూర్చోబెట్టి చెప్పాను. వారం వారం గుంతలు కొలుస్తాను. ఏ గుంపు ఎక్కువ తవ్వితే ఆ గుంపుకు ఆదివారం ఒక యాట. కూలి కూలే, యాట మాత్రం పైన.

గోల లేచింది. పడుచు మేస్త్రీ లేచి తలగుడ్డ సర్దుకున్నాడు. "సారూ, యాట మాకే రాసిపెట్టుకో. మేకనా, గొర్రెనా గదొక్కటి చెప్పు, మసాలా దంచుకుంటం."

అవ్వ కూర్చున్న చోటునుంచే అడిగింది. "యాట దేనికిస్తవ్ బిడ్డా? తవ్వినదానికా, కట్టినదానికా?"

"తవ్వినదానికే అవ్వా. కట్టను ఎట్ల కొలుస్తరు? గుంతనైతే టేపు పెట్టి కొలుస్త."

"అయితే తవ్వెటోళ్లు దొరికిండ్రు నీకు. కట్టెటోళ్లను యాడికెల్లి తెచ్చుకుంటవో చూసుకో."

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. అది పరాచికం అనుకున్నాను.

మొదటి ఆదివారం యాట రెండో గుంపుకు పోయింది. రెండో ఆదివారం కూడా వాళ్లకే. మూడో వారం నుంచి వాళ్ల పనిలో తేడా నా కళ్లకు కనబడింది. నీళ్ల కుండలు మోసే ఆడవాళ్ల నెత్తిన తట్టలు ఎక్కాయి. దిమ్మిస కొట్టే మగవాళ్లు గుంతల్లో దిగారు. తలకాయంత పెళ్లలు కట్ట మీద పడినవి పడినట్టే ఉండి, వాటి మీద పైపైన మట్టి కప్పి ఇంకో పొర లేచేది. వాళ్ల కట్ట రోజురోజుకీ ముందుకు పరుగెత్తుతోంది. నా సైకిల్ దగ్గరికి వస్తోంది. పొర పొరకూ దిమ్మిస వేసినట్టు పుస్తకంలో సంతకం పెట్టాల్సింది నేనే. పెట్టాను.

ఒక్కటి మాత్రం పట్టుకున్నాను. ఒక గుంతలో సాక్షి దిమ్మె ఉండాల్సినదానికంటే జానెడు ఎత్తున్నట్టు అనిపించింది. పైన పచ్చగా గడ్డి. గడ్డి పట్టుకుని లాగితే టోపీలా మొత్తం నా చేతిలోకి వచ్చింది. పక్కనున్న మెట్ట చెలకలో నుంచి గడ్డితో సహా మట్టి పెళ్ల కోసి తెచ్చి దాని నెత్తిన పెట్టారు.

"ఏం మేస్త్రీ, సాక్షి టోపీ పెట్టుకున్నదేంది?" అన్నాను.

"ఎండ దంచుతాంది గద సారూ," అన్నాడు పడుచు మేస్త్రీ కన్నైనా ఆర్పకుండా.

ఆ జానెడు కొట్టేసి రాసుకున్నాను. కాంట్రాక్టరు సొమ్ము జానెడు కాపాడానని పొంగిపోయాను. కట్ట లోపల మూరల కొద్దీ బోలుగా పోతోందన్న సంగతి మాత్రం కళ్లముందు ఉండీ చూడలేదు. చూడకపోవడంలో నాకు లాభం ఉంది.

అవ్వ గుంపు వాళ్ల కష్టం వేరు. ప్రతి ఆదివారం అవతలి గుడిసెల నుంచి కూర వాసన వచ్చేది. వీళ్లు జొన్నగటక తింటూ కూర్చునేవాళ్లు. ఒకనాడు నేను పక్క గుంతలో కొలతలు తీస్తుండగా ఆమె కోడలు గట్టిగానే అంది. నాకు వినబడాలనే అంది అనుకుంటాను.

"అత్తా, ఇగ దిమ్మిసనే ముక్కలు కోసి కూరొండుకుందామా?"

"ఉడుకుతదా అది?" అన్నాడు ఎవరో.

"అవ్వా, రెండు జోళ్లు రేపటికెల్లి ఆ గుంపుల పోతమంటున్నరు. సేటు గూడ చెప్పిండట, వచ్చే ఏడు పని తక్కువ, ఒక్క గుంపునే పిలుస్త అని. ఎక్కువ తవ్వినోళ్లనే పిలుస్తడు గని పెళ్లలు కొట్టినోళ్లను పిలుస్తడా?" అన్నాడు ఆమె కొడుకు.

అవ్వ చేతిలో తట్ట కింద పెట్టింది. "నేను గూడ వచ్చే ఏటి పిలుపు కోసమే కొడుతున్నరా. మీకు యాట మీద ఆశ. నాకు గంతకన్న పెద్ద ఆశ. ఈ కట్ట నిలబడితే సేటు వచ్చే ఏడు మనింటి ముందటికి రావాలె. ఆ మీది ఏడు రావాలె. నీ కొడుక్కు మీసమొచ్చి వాడు గుంపు కట్టేదాక రావాలె. కూలిపోతే పాలమూరోళ్లు గిట్ల కడుతరని నలుగురు ఉమ్మేస్తరు. నన్ను మంచిదాన్నని అనకుర్రి. మీ అందరికన్న ఆశపోతుదాన్ని నేను."

మర్నాడు ఆ రెండు జోళ్లు పోనే పోయాయి. మిగిలిన పది జోళ్లు పెళ్లలు పగలగొడుతూనే ఉన్నాయి. ఆమె మాట నాకు పూర్తిగా వినబడింది. నిజమనీ తెలుసు. అయినా ఆ ఆదివారం యాటను తాడు పట్టుకుని రెండో గుంపు గుడిసెల దగ్గరికి నేనే నడిపించుకుని వెళ్లాను.

మృగశిర రాకముందే మైలు పూర్తయింది. అవ్వ గుంపు వాటా మూడోవంతు కంటే తక్కువ. సైకిల్ వచ్చింది. కాంట్రాక్టరు నన్ను అడిగాడు, "రెండింట్ల ఏ గుంపు మంచిది? వచ్చే ఏడు దాన్నే పిలుద్దాం."

అవ్వ గుంపు అని చెబితే, ఎందుకు అని అడుగుతాడు. ఎందుకో చెబితే నా సంతకాలు అబద్ధమవుతాయి. "రెండో గుంపు," అన్నాను. ఆ మాట అంత తేలికగా ఎలా వచ్చిందా అని తరువాత చాలా ఏళ్లు ఆలోచించాను.

గుంపులు మూటలు కట్టుకునే రోజు అవ్వ నా దగ్గరికి వచ్చింది. "సేటు బయానా సంగతి ఏమన్న చెప్పిండా బిడ్డా?"

"నాకు తెల్వదు అవ్వా."

ఆమె నన్ను, సైకిల్‌ను చూసింది. "బండి మంచిగున్నది. జర పైలంగ తొక్కు," అని వెళ్లిపోయింది.

వానలు బాగా పడ్డాయి. పై చెలకల నీళ్లన్నీ వచ్చి కట్టకు ఆనుకుని నిలిచాయి. చూసి రమ్మని కాంట్రాక్టరు పంపితే కట్ట మీద సైకిల్ తొక్కుకుంటూ వెళ్లాను. రెండో గుంపు కట్టిన చోట చక్రం కూరుకుపోయింది. దిగి తోసుకుంటూ వెళితే కాళ్లు కూరుకుపోయాయి. నాలుగు చోట్ల కట్ట నడుం విరిగి జారిపోయింది, రెండు చోట్ల గండ్లే పడ్డాయి. ఆ బురద దాటి ఒక చోట మళ్లీ సైకిల్ ఎక్కాను. అక్కడినుంచి చక్రం గీత కూడా పడకుండా బండి సాఫీగా పోయింది. అది అవ్వ కట్టింది. దాని మీద తొక్కుతుంటే నా గుండెలో ఏదో పొంగింది. మా జిల్లా వాళ్ల చేతులు చేసిన పని అది. ఆ పొంగు నాకు హక్కు లేనిదని కూడా ఆ క్షణమే తెలిసింది.

వారం తిరగకముందే సర్కారు తరఫున పని తనిఖీ చేసే ఓవర్సీరు వచ్చాడు. ఆయన చేతిలో పొడుగు గొడుగు. జారిన చోట దాని మొనను కట్టలో గుచ్చితే సగం దాకా దిగింది. నడుచుకుంటూ అవ్వ కట్ట మీదికి వచ్చి గుచ్చాడు. దిగలేదు. రెండు చేతులతో అదిమాడు. గొడుగు కర్ర వంగింది గాని మొన దిగలేదు.

"ఇది ఎవరు కట్టిండ్రు?" అన్నాడు.

"మా పాలమూరు అవ్వ కట్టింది సాబ్," అన్నాను. ఎవరూ అడక్కుండానే ఇంకో మాట కూడా వచ్చింది. "దిమ్మిస కొట్టింది ఆమె గుంపొక్కటే."

కాంట్రాక్టరు నా వైపు తిరిగాడు. ఓవర్సీరు, "దీన్ని ముట్టకు. మిగిలిందంతా విప్పి మళ్ల కట్టు, నీ ఖర్చుతోని. ఆమెతోనే కట్టించు," అని చెప్పి వెళ్లిపోయాడు.

"రెండో గుంపు మంచిదంటివి గద?" అన్నాడు కాంట్రాక్టరు. ఆయన తిట్టాల్సినవన్నీ తిట్టి, "పో, ఆమెను తోల్కరా," అన్నాడు. నన్ను పనిలోంచి తీసేయకపోవడం దయతో కాదు. ఆయన దగ్గరున్న వాళ్లలో ఆమె ఇల్లు తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే.

సైకిల్ అక్కడే వదిలి బస్సులో అచ్చంపేట దాకా పోయి, అక్కడినుంచి నడిచాను. అవ్వ తన చెలకలో జొన్నలో కలుపు తీస్తోంది. ఒక్కతే ఉంది. పిలుపు రాలేదని తెలిసి ఆమె గుంపులో అయిదు జోళ్లు వేరే మేస్త్రీ దగ్గర బయానా తీసుకుని ఎక్కడికో దూరం వెళ్లిపోయాయట. కొడుకూ కోడలూ కూడా వాళ్లతోనే వెళ్లారట. అది వినేదాకా నేను అన్న ఒక్క మాట ఎక్కడిదాకా వెళ్లిందో నాకు తెలియదు.

గట్టు మీద కూర్చుని అంతా చెప్పాను. యాట నా ఉపాయమేనని, సంతకాలు అబద్ధమని, సేటు అడిగితే రెండో గుంపు పేరు చెప్పానని, బయానా సంగతి తెలిసీ తెలియదన్నానని. అవ్వ కలుపు తీయడం ఆపలేదు.

"నాకెందుకు చెప్తున్నవ్? నేను ఆ పొద్దే చూసిన నీ మొఖం. చెప్పెటోళ్లకు చెప్పు."

"సేటుకా?"

"సేటుకు, రెండు గుంపులోళ్లకు. అందరి ముందట. వాళ్లు నా కొడుకును పిచ్చోని కింద చూసిండ్రు, యాట లేకుంట పెళ్లలు కొట్టిండని. అదొకటి. రెండోది, గుంత కొలుచుడు బందుచెయ్యి. కట్ట కొలువు."

"కట్టను ఎట్ల కొలవాలె అవ్వా?"

"పొర పొరకు కొలువు. కొట్టినంక కొలువు, కొట్టకముందు కాదు. నీకు కొలవరాక కాదు బిడ్డా, నడుము వంచబుద్ధిగాక. మూడోది, దిమ్మిస పట్టినోళ్లకు తట్ట మోసినోళ్లతోని సమానంగ కూలి. గివి సేటు ఒప్పుకుంటే వస్త. లేకుంటే నా జొన్న నాకున్నది."

కాంట్రాక్టరు గొణిగాడు గాని ఒప్పుకున్నాడు. ఇంకోసారి కట్ట జారితే ఆయన మునిగిపోతాడు. దసరా వెళ్లాక అవ్వ వచ్చింది, పాతవాళ్లూ కొత్తవాళ్లూ కలిపి దొరికిన ఏడు జోళ్లతో. పిలుపు సంగతి తెలిసి కొడుకూ కోడలూ కూడా ఆ దూరం పని వదిలి తిరిగి వచ్చారు. రెండో గుంపులో సగం మంది, వాళ్ల పడుచు మేస్త్రీతో సహా, ఆమె ముందు నిలబడ్డారు.

"ఈసారి యాట లేదురా," అంది అవ్వ.

"తెల్సు అవ్వా. దిమ్మిసకు కూలి ఉన్నదట గద," అన్నాడు అతడు నవ్వుతూ.

వాళ్లందరి ముందు, కాంట్రాక్టరు పక్కనే నిలబడి నా తప్పు చెప్పాను. రెండో గుంపు వాళ్లను ఒక్క మాట అనలేదు, అనడానికి లేదు. నేను దేనికి యాట ఇస్తానన్నానో వాళ్లు అదే ఇచ్చారు. నిజంగా ఘనత ఉన్నది, నేను ఆశ పెట్టనిదాన్ని కూడా వదలకుండా చేసిన వాళ్లది. అవ్వ కొడుకును చూస్తూ ఆ మాట చెప్పాను. అతడు ఇబ్బందిపడి నేల చూశాడు. ఆమె కోడలు మాత్రం, "సారూ, గీ మాట ఆ ఆదివారాలే చెప్తే కూర వాసనన్న రాకపోయేది," అంది. అందరితో పాటు కాంట్రాక్టరు కూడా నవ్వేశాడు.

ఆ తరువాత చాలా ఏళ్లు కాంట్రాక్టర్లు ఆ అవ్వ ఊరికి వెతుక్కుంటూ పోయారని నాకు తెలుసు. కొందరికి దారి చెప్పింది నేనే. మా జిల్లా వాళ్లు కట్టిన కట్టలు ఎక్కడెక్కడో ఉన్నాయి. వాటి మీద వాళ్ల పేర్లు లేకపోవచ్చు. కట్టలు ఉన్నాయి, నాకది చాలు.

కాని నాకు అన్నిటికంటే బాగా గుర్తున్నది మళ్లీ పని మొదలైన మొదటి రోజే. టేపు జేబులో పెట్టుకుని నేనే ఒక దిమ్మిస అడిగి తీసుకున్నాను. ఎవరూ వద్దనలేదు. గంటసేపు కొట్టేసరికి అరచేతులు బొబ్బలెక్కాయి. అవ్వ వచ్చి ఆ పొర మీద మడమ ఆనించి, తన బరువంతా దాని మీద వేసి, కాలు తీసి చూసింది.

"ఇంకొంచెం కొట్టు," అంది.